రెండు మాటలు వెనక్కి

గురువారం మధ్యాహ్నం డబ్బాలు ఖాళీ చేసి, చేతులు కడుక్కుని వచ్చేసరికి ఒక్కొక్కరి కీబోర్డు మీదా ఒక కాగితం బోర్లించి ఉంది.

ఆమె కాగితం తిప్పకుండానే కూర్చుంది. కుడికాలు చెప్పులోంచి తీసి బల్ల కింద పెడల్ మీద పెట్టుకుంది. పదకొండేళ్లుగా అంతే, చేతులకంటే ముందు కాలు పనిలోకి వస్తుంది. ఆస్పత్రుల్లో డాక్టర్లు రోగుల గురించి గబగబా చెప్పి రికార్డు చేసి పంపిన మాటల్ని చెవిలో వింటూ టైపు చేయడం ఆ హాల్లో ఇరవై ఇద్దరు ఆడవాళ్ల పని. పెడల్ మధ్యలో నొక్కితే గొంతు నడుస్తుంది. కాలు తీస్తే ఆగుతుంది. ఎడమ అంచు నొక్కితే రెండు మాటలు వెనక్కి వెళ్లి మళ్లీ చెబుతుంది. ఎంత పెద్ద డాక్టరైనా సరే, ఆమె ఆగమంటే ఆగాలి, మళ్లీ చెప్పమంటే విసుక్కోకుండా మళ్లీ చెప్పాలి. ఈ ప్రపంచంలో ఆమె చెప్పినట్టు వినే మనుషులు వాళ్లు మాత్రమే.

ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చేసింది. ఇంట్లో ఎవరైనా గబగబా మాట్లాడితే ఆమె కుడికాలు తనంతట తనే ఎడమవైపు వాలి నేలను నొక్కుతుంది. కానీ నేల నేలే కదా, ఎవరి మాటా వెనక్కి వచ్చేది కాదు.

హెడ్ మేడమ్ హాలు మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టింది. "చదవని వాళ్ల కోసం చెబుతున్నా. సోమవారం నుంచి ఈ హాలు ఉండదు. ఎవరింట్లో వాళ్లు కూర్చుని పని చేసుకోవాలి. ఏమేం కావాలో కాగితంలో ఉంది, తొమ్మిది ఐటమ్స్. సోమవారం పది గంటలకి స్పీడు టెస్టు. ఇరవై నిమిషాల రికార్డింగు గంటలో అయిపోవాలి. కానివాళ్ల పేరు తీసేస్తారు."

"కంప్యూటర్ కూడా మేమే కొనుక్కోవాలా మేడమ్?" అంది పక్క సీటావిడ.

"దర్జీ కత్తెర దర్జీయే కొనుక్కుంటాడు కదమ్మా."

"కుట్టుకూలి ఎంతో కూడా దర్జీయే చెబుతాడు మేడమ్," అని వెనక వరసలో ఎవరో గొణిగారు. నవ్వు ఒక మూల పుట్టి అక్కడే చచ్చిపోయింది. హెడ్ మేడమ్ కూడా జీతం తీసుకునే మనిషే. ఆమె ఆ నవ్వు విననట్టు ఊరుకుని, "బస్సు ఖర్చు మిగులుతుంది, ఇల్లు చూసుకోవచ్చు, అంతా మీ మంచికే," అని పైవాళ్లు చెప్పమన్నది చెప్పేసింది.

సాయంత్రం పెడళ్లన్నీ పాతసామాను గోనెలో వేస్తుంటే ఆమె బల్ల కిందికి దూరి తనది ఊడదీసింది. దాని రబ్బరు మీద ఆమె బొటనవేలు అరగదీసిన గుంట ఉంది.

"ఏయ్ కిటికీ, ఆ ఇనపముక్క ఏం చేసుకుంటావ్?" అంది హెడ్ మేడమ్. కిటికీ పక్క సీటు కాబట్టి హాల్లో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. "కొత్త పద్ధతిలో కీబోర్డు మీద ఒక మీట నొక్కితే చాలు."

"కాలికి అలవాటు మేడమ్."

"తీసుకెళ్లు, బరువు తగ్గుతుంది."

రెండు బస్సులు మారి ఆరుంబావుకి ఇల్లు చేరింది. గుమ్మంలో చెప్పులు విడిచి, సంచి మేకుకి తగిలించి, తలుపు పక్కన కుర్చీలో కూలబడింది. అత్తగారు మోకాళ్లు పట్టుకుని లేచి, వంటింట్లోంచి గ్లాసు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. రోజూ అడిగే మాటే అడిగింది.

"బస్సులో సీటు దొరికిందా?"

"దొరకలేదు అత్తయ్యా."

రోజూ చెప్పే జవాబే అది. నీళ్లు తాగి కాగితం సంగతి చెప్పింది. 

"అయితే ఇంట్లోనే ఉంటావన్నమాట!" అత్తగారి ముఖం వెలిగిపోయింది. "నా మోకాళ్లు బతికాయి. గ్యాస్ వాడొస్తే తలుపు తీయడానికి, మోటరు వేయడానికి, అన్నిటికీ నేనే లేవక్కర్లేదు."

"ఇంట్లోనే ఉంటావు కదా, నా లంచ్ డబ్బాకి కూడా పొద్దున్నే హడావిడి పడక్కర్లేదు. మధ్యాహ్నం ఇంటికే వచ్చి తినిపోతా," అన్నాడు భర్త. ఆయన కరెంటు మీటర్లు చదివే ఉద్యోగి. ఇంటింటికీ తిరిగే మనిషి కాబట్టి ఇంట్లో ఉండడమంటే విశ్రాంతి అని నమ్మకం.

ఆ రాత్రి వంటింట్లో గిన్నెలు కడుగుతూ ఆమె లెక్క వేసుకుంది. టెస్టు పాసైతే ఇంట్లోనే ఉండాలి, తప్పితే జీతం కూడా లేకుండా ఇంట్లోనే ఉండాలి. అడకత్తెరలో పోకచెక్కకి కూడా ఇటో అటో జారే దారి ఉంటుందేమో అనిపించింది. జీతం పోకూడదు. అది ఒక్కటి మాత్రం ఖాయం చేసుకుంది.

శుక్రవారం సాయంత్రం ఇంట్లో సమావేశం జరిగింది. అధ్యక్షుడు మరిది. అత్తగారికి చిన్నాడు, కాబట్టి ఇంటందరికీ చిన్నాడే. ఏవో పరీక్షలకి మూడేళ్లుగా చదువుతున్నాడు. ఇంట్లో తలుపున్న ఒకే ఒక్క గది, వీధివైపుది, చదువు పేరుతో వాడిదే. ఆమె, భర్త పడుకునే లోపలి గదికి తెర తప్ప తలుపు లేదు. పెరట్లోకి వెళ్లాలన్నా ఆ గదిలోంచే వెళ్లాలి. హాల్లో అత్తగారు పడుకుంటుంది.

"కంప్యూటర్ సంగతి నాకొదిలెయ్ వదినా. నీ బడ్జెట్ ఎంత?"

"ముప్పై ఆరు వేలు. బ్యాంకులో ఉన్నది అంతే."

"వచ్చేస్తుంది! బ్రహ్మాండమైన ల్యాప్‌టాప్ వచ్చేస్తుంది." చిన్నాడు ఫోన్లో బొమ్మ చూపించాడు. నల్లటి మూత, అక్షరాల కింద ఎర్రటి దీపాలు. "ఇదిగో గ్రాఫిక్స్ చూడు. పైగా తేలిక. వంటింట్లో పెట్టుకో, మంచం మీద పెట్టుకో, ఇల్లంతా తిప్పుకో."

ఇల్లంతా తిప్పేది దాన్ని ఒక్కదాన్నే కాదనీ, దానితో పాటు తననీ తిప్పుతారనీ ఆమెకు అప్పుడే అర్థమైంది. "ఆఫీసులో ఉండే పెద్ద కంప్యూటర్ లాంటిది అయితే..." అని మొదలుపెట్టింది.

"డెస్క్‌టాపా? అమ్మో," అన్నాడు భర్త. "అది కరెంటు తాగుతుంది. రోజుకి ఎనిమిది గంటలంటే నెలకి నలభై యూనిట్లు ఎక్కడికీ పోవు. ఇప్పుడు మనం నూట ఎనభైలో ఉన్నాం. రెండొందలు దాటామా, స్లాబు మారిపోతుంది. మారితే మొత్తం యూనిట్లన్నిటికీ కొత్త రేటే. నేను రోజూ చూస్తుంటా, జనం అక్కడే దొరికిపోతారు."

యూనిట్ల మాట వస్తే ఆయన నోటికి బ్రేకులుండవు. ఆమె కుడికాలు నేలను నొక్కింది. ఆయన ఆగలేదు.

"ఈ తొమ్మిదో ఐటమ్ ఏమిటి?" అని ఆమె కాగితం చూపించింది. 'గదికి తలుపు, తలుపుకి లోపలి గడియ ఉండవలెను. వీధి చప్పుడు రాకుండా కిటికీలు మూసి ఉంచవలెను. పని గంటల్లో వేరొక మనిషి కెమెరాలో కనపడరాదు, రోగుల వివరాలు వినరాదు.'

"అది కంప్యూటర్ కాదుగా వదినా," అని చిన్నాడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

శనివారం షాపుకి వెళ్లారు. ఒక పక్క కొత్తవి అద్దాల్లో మెరుస్తున్నాయి, ఇంకో పక్క విప్పిన పాత పెట్టెలు కడుపులు తెరుచుకుని పడున్నాయి. వాటి మధ్య షాపాయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని చిన్న స్క్రూ ఒకటి వెతుక్కుంటున్నాడు.

"వాడేది ఎవరు?" అన్నాడు తలెత్తి.

"మా వదిన," అన్నాడు చిన్నాడు.

షాపాయన ఆమె వైపు తిరిగాడు. "ఏం పనికమ్మా?"

"టైపింగ్. ఆఫీసు పని," అని చిన్నాడే చెప్పాడు. "ఆ నల్లది తీయండి."

"టైపింగుకి ఇంతది ఎందుకు బాబూ..."

"ఫ్యూచర్ చూసుకోవాలి కదండీ."

అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. ఇక్కడ వదిన సొమ్ముతో మరిది భవిష్యత్తు కొన్నాడు. ముప్పై నాలుగు వేలు ల్యాప్‌టాప్‌కే పోయాయి. మిగిలిన రెండు వేలలో చెవులకి పెట్టుకునేవి సన్న తీగలాంటివి ఒక జత, ఏడు రంగుల్లో వెలిగే మౌస్ ఒకటి వచ్చాయి. కరెంటు పోతే నిలబెట్టే యూపీఎస్ అక్కర్లేదట, బ్యాటరీ దాంట్లోనే ఉందట. కుర్చీ మాట ఎవరికీ గుర్తు రాలేదు. బిల్లు మడిచి ఆమె చేతికిస్తూ షాపాయన, "మూడు రోజుల్లో మార్చుకోవచ్చమ్మా. డబ్బు వెనక్కివ్వం, సామాను మార్చి ఇస్తాం," అన్నాడు. ఆ మాట ఆమెకే చెప్పాడు, చిన్నాడికి కాదు.

ఇంటికి రాగానే అత్తగారు భోజనాల బల్ల చివర చోటు తుడిచి పెట్టింది. వంటింటి గుమ్మానికి మూడడుగులు. "ఇక్కడైతే పొయ్యి కనపడుతుంది. పాలు పొంగితే నువ్వే చూసుకోవచ్చు," అంది, ఎంతో ఆలోచించి చేసిన ఏర్పాటు చూపిస్తున్న మనిషిలా.

ఆమె సంచిలోంచి పెడల్ తీసి ల్యాప్‌టాప్ చుట్టూ తిప్పింది. పెడల్ వైరు చివర తొమ్మిది పిన్నుల వెడల్పాటి ప్లగ్గు. ల్యాప్‌టాప్‌కి ఉన్నవన్నీ సన్న కంతలు. నాలుగు వైపులా వెతికింది. మూత కింద కూడా చూసింది.

"ఇదేంటి వదినా, కుట్టు మిషన్ పెడలా?" చిన్నాడు పడీ పడీ నవ్వాడు. "మ్యూజియంలో పెట్టు. మీట ఉంది కదా, నొక్కు."

పాత రికార్డింగు ఒకటి పెట్టుకుని, గడియారం చూసుకుని మొదలుపెట్టింది. డాక్టరు గొంతు నడిచింది. ఆమె కుడికాలు నొక్కింది. గొంతు ఆగలేదు. వేలితో మీట నొక్కడానికి చెయ్యి అక్షరాల మీంచి తీసింది, మళ్లీ పెట్టేసరికి వాక్యం చెదిరింది. మళ్లీ మీట. అక్షరాలు మెత్తగా లోపలికి పోతున్నాయి, నొక్కిందో లేదో వేలికి తెలియడం లేదు. "అమ్మాయ్, ఆ మూత తీసి చూడు," అంది అత్తగారు లోపలినుంచి. లేచి చూసి వచ్చింది. "చాకు ఎక్కడ పెట్టావ్?" చెప్పింది. "ఇంట్లోనే ఉన్నావుగా, కాస్త ఆ తలుపు తియ్యి." తీసింది. చెవుల్లో తీగలు ఊడిపోయి డాక్టరు బల్ల మీద ఈగలా గొణుగుతున్నాడు.

ఇరవై నిమిషాల రికార్డింగు గంటా ముప్పై అయిదు నిమిషాలు పట్టింది. తప్పులు లెక్కపెట్టడం ఇరవై దాటాక మానేసింది. సోమవారం పది గంటలకి ఏం జరగబోతోందో ఇంట్లో ఆమె ఒక్కదానికే తెలుసు. ఏడుపు వచ్చింది. ఏడవడానికి కూడా ఆ ఇంట్లో ఆమెకి తలుపున్న చోటు స్నానాల గది తప్ప ఇంకోటి లేదు కాబట్టి అక్కడికే వెళ్లి ఏడ్చింది.

ఆదివారం పొద్దున ల్యాప్‌టాప్ చిన్నాడి దిండు పక్కన ఉంది. రాత్రంతా ఏదో ఆట ఎక్కించుకుని ఆడి, తెల్లవారాక పడుకున్నాడు. ఆమె నెమ్మదిగా తీసి పెట్టెలో సర్దింది. దీపాల మౌస్ కూడా ఊడదీసింది. భర్త హాల్లో పేపరు చదువుతున్నాడు.

"ఎక్కడికి?"

"షాపుకి. ఇది నాకు పనికిరాదు."

"చిన్నాడిని లేపనా?"

"వద్దండీ. వాడు చెప్పింది నిన్న విన్నాం కదా."

ఆయన పేపరు దించి చూశాడు. పన్నెండేళ్ల కాపురంలో ఇలాంటి జవాబు ఆయన మీటర్లో ఎప్పుడూ నమోదు కాలేదు. ఏం రాసుకోవాలో తెలియక మళ్లీ పేపరెత్తుకున్నాడు.

షాపులో ఆమె పెట్టె బల్ల మీద పెట్టి, ముందు పెడల్ తీసి చూపించింది. షాపాయన కళ్లజోడు కిందికి దించుకుని దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. రబ్బరు మీద గుంట వేలితో తడిమాడు.

"ఏం పనమ్మా?" అన్నాడు మళ్లీ. ఈసారి చెప్పడానికి ఆమె తప్ప ఎవరూ లేరు.

చెప్పింది. డాక్టర్లు, గొంతులు, ఇరవై నిమిషాలు, గంట, సోమవారం. చేతులు తీస్తే స్పీడు పోతుందని బల్ల అంచు మీద వేళ్లతో కొట్టి చూపించింది. కెమెరా సంగతి, తొమ్మిదో ఐటమ్ సంగతి కూడా చెప్పింది. మొదలుపెడితే ఇంత మాట్లాడగలనని ఆమెకే తెలియదు.

"నిన్న రెండుసార్లు అడిగా. రెండుసార్లూ ఆ అబ్బాయే చెప్పాడు," అన్నాడాయన. "పిండికొద్దీ రొట్టె అంటారు. మీరు నిన్న పిండంతా ఇచ్చేసి రొట్టె మీద బొమ్మ పట్టుకెళ్లారు." కన్వర్టరు తీగ ఒకటి ఉంది గానీ ఇలాంటి పెడళ్లకి అది ఒకరోజు పనిచేస్తే రెండ్రోజులు చేయదని ఆయనే చెప్పాడు. వెనక గదిలోకి వెళ్లి చాలాసేపు సామాన్లు జరిపి, దుమ్ము కొట్టుకుపోయిన పెద్ద ఇనుప పెట్టె ఒకటి ఛాతీకి ఆనించుకుని తెచ్చాడు. మూసేసిన ఏదో టికెట్ల కౌంటర్లోదట.

"ముసలిది. అందం లేదు, ఆటలాడదు. మెమరీ రెట్టింపు చేసి, లోపల కొత్త డిస్కు వేసి, వాడిన మానిటర్ ఒకటి జతచేసి ఇస్తా. మీ కాగితంలో ఉన్నవన్నీ లాగుతుంది." పెట్టె వెనక్కి తిప్పాడు. అక్కడ, కింది మూల, తొమ్మిది పిన్నులకి సరిపోయే వెడల్పాటి కంత ఉంది.

పెడల్ పెట్టి, స్టూలు మీద కూర్చోబెట్టి, రేడియో గొంతు ఏదో రికార్డు చేసి వినిపించాడు. ఆమె కాలు నొక్కింది. గొంతు నడిచింది. తీసింది, ఆగింది. ఎడమ అంచు నొక్కితే రెండు మాటలు వెనక్కి వెళ్లి మళ్లీ చెప్పింది. మూడు రోజుల తర్వాత ఒక మనిషి ఆమె మాట విన్నాడు. సంతోషం పట్టలేక ఆ రెండు మాటలే నాలుగుసార్లు చెప్పించుకుంది.

మిగిలిన విలువకి ఏమేం కావాలో ఈసారి ఆమే చెప్పింది. అక్షరం పడితే టక్కుమని వేలికి తెలిసే కీబోర్డు, చెవులు మొత్తం మూసే హెడ్‌ఫోన్లు, కెమెరా, గంటసేపు నిలబెట్టే యూపీఎస్. నడుముకి ఆనే కుర్చీ వాడినదే అయినా బాగుంది. పద్దు సరిపోయింది. పక్కన ఇనుప సామాన్ల కొట్లో, సంచి అడుగున ఉన్న చిల్లరతో ఒక గడియ, నాలుగు స్క్రూలు కొంది. అదొక్కటీ లిస్టులో చిన్నాడు కంప్యూటర్ కాదన్న వస్తువు.

ఆటోవాడు, ఆమె కలిసి సామాను హాల్లో దించేసరికి చిన్నాడు కళ్లు నులుముకుంటూ బయటికొచ్చాడు.

"వదినా! ఇదేంటి? ల్యాప్‌టాప్ ఇచ్చి శవపేటిక తెచ్చావా?"

"ఎన్ని వాట్లు?" అన్నాడు భర్త, పెట్టె వెనక వంగి చూస్తూ.

ఆమె సంచిలోంచి కాగితం తీసింది. చిన్నాడు అవతల పారేసిన ప్యాంటు జేబులోంచి పొద్దున్నే తీసి పెట్టుకుంది. తొమ్మిదో ఐటమ్ పైకి చదివింది. చదివి, మడిచి, "టెస్టు తప్పితే పేరు తీసేస్తారు," అంది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు.

 ఇంట్లో తలుపున్న గది ఏదో అందరికీ తెలుసు. భర్త మనసులో జీతం ఒక పక్క, నలభై యూనిట్లు ఒక పక్క పెట్టి తూచుకుంటున్నట్టు పెదాలు కదిపాడు. తూకం ఎటు మొగ్గిందో ముఖమే చెప్పింది.

"మరి నా చదువు?" అన్నాడు చిన్నాడు, గొంతు పెంచి.

"నీ చదువంతా మంచం మీదే కదరా. ఆ మంచం తెచ్చి హాల్లో వేసుకో," అంది అత్తగారు.

అందరూ ఆవిడ వైపు చూశారు. ఆవిడ మోకాలికి మందు రాసుకుంటోంది, తలెత్తలేదు. కోడలి మీద జాలితో అందా, కోడలి జీతంలోంచి వచ్చే ఆ మందు తలుచుకుని అందా అనేది ఆవిడకే తెలియాలి. చిన్నాడు గొణుక్కుంటూనే మంచం ఒక కొస పట్టుకున్నాడు. భర్త స్క్రూడ్రైవర్ తెచ్చి గడియ బిగించాడు. బిగించి రెండుసార్లు వేసి తీసి చూశాడు. "గట్టిగానే ఉంది," అన్నాడు, కొంచెం దిగులుగా.

సోమవారం పది గంటలకి ఆమె గడియ వేసుకుంది. కెమెరాలో ఆమె వెనక చదునైన గోడ కనపడాలి కాబట్టి బల్ల కిటికీకి అడ్డంగా పడింది. వీధి చప్పుడు రాకుండా రెక్కలు మూసింది. చెప్పులోంచి కాలు తీయబోయి, కాళ్లకి చెప్పులే లేవని గుర్తొచ్చి నవ్వుకుంది. పెడల్ మీద కాలు పెట్టింది.

టెస్టుకి వచ్చిన డాక్టరు మహా గబగబా మాట్లాడేవాడు, మధ్యమధ్య దగ్గేవాడు. ఆమె వదల్లేదు. దగ్గినచోట ఆపింది, మింగేసిన మాట వెనక్కి రప్పించింది, చేతులు అక్షరాల మీంచి ఒక్కసారి కూడా లేవలేదు. యాభై రెండు నిమిషాల్లో అయిపోయింది. మూడు తప్పులు. హెడ్ మేడమ్ ఫోన్ చేసింది.

"కిటికీ, గట్టెక్కావ్. ఇరవై ఇద్దరిలో పదముగ్గురే పాసయ్యారు. పక్క సీటావిడ పేరు పోయింది."

"అయ్యో. ఆవిడ కంప్యూటర్ కొన్నది కదా మేడమ్?"

"కొన్నది. ఏం లాభం?" హెడ్ మేడమ్ గొంతు కూడా ఏదో ఇంటి గదిలోంచి వస్తున్నట్టుంది, వెనక ఎవరో పిల్ల ఏడుస్తోంది. "సరే, ఫైళ్లు పంపుతున్నా. లేచి తిరిగితే కెమెరాలో పడుతుంది, చూసుకో."

పెద్ద ప్రమాదం తప్పింది. ఆమె గుండెల నిండా ఊపిరి తీసుకుంది. మూసిన గదిలో గాలి అప్పటికే వేడిగా ఉంది.

పదకొండున్నరకి తలుపు మీద మొదటి చప్పుడు. "అమ్మాయ్, గ్యాస్ వాడొచ్చాడు, ఇంట్లోనే ఉన్నావుగా." పన్నెండుకి మోటరు వేయమని రెండోది. ఒంటిగంటకి భర్త. ఆయనకి వడ్డించి వచ్చేసరికి తెర మీద ఎర్రక్షరాలు: 'పద్దెనిమిది నిమిషాలు సీటులో లేరు.' తర్వాత చిన్నాడు చార్జరు కోసం. తర్వాత మళ్లీ అత్తగారు, ఏమీ లేదట, ఊరికే చూద్దామనట. సాయంత్రానికి ఏడుసార్లు అయింది. గడియ మనుషుల్ని ఆపింది గానీ మాటని ఆపలేదు. ఇంట్లోనే ఉన్నావుగా అన్న మాట తలుపు సందులోంచి కూడా దూరి వచ్చింది. ఆఫీసు హాల్లో ఉన్నప్పుడు ఈ వేళకి కిటికీలోంచి చూస్తే ఎదురు మేడ మీద ఒకావిడ ఆరిన దుప్పట్లు దులిపి మడత పెట్టేది. ఇక ఆ దుప్పట్ల సంగతి ఆమెకు తెలియదు. పదకొండేళ్లు రోజూ చూసినా ఆవిడ పేరైనా కనుక్కోలేదని ఇప్పుడు బాధేసింది.

అయిదున్నరకి కంప్యూటర్ ఆపి గడియ తీసింది. వంటింటికి పదకొండు అడుగులు. తొట్టినిండా మధ్యాహ్నం గిన్నెలు, తీగ మీద బట్టలు, రాత్రి వంట, అన్నీ ఆమె కోసమే అట్టే పెట్టి ఉన్నాయి. అత్తగారు మంచం మీద నడుం వాల్చి ఉంది. కోడలు గదిలోంచి రావడం చూసి, "అయిందా? ఆ గిన్నెలు ముందు కానీయ్," అంది మామూలుగా.

ఆమె గుమ్మం పక్క కుర్చీ వైపు చూసింది. ఆ కుర్చీలో కూర్చునే అయిదు నిమిషాలు తనవేనని, ఆ ఒక్క వేళలోనే తాను కూర్చుని ఉంటే ఇంకొకరు నిలబడి తనకి అందించేవారని పదకొండేళ్లలో ఎప్పుడూ అనుకోలేదు. ఇంట్లోంచి ఇంట్లోకి వచ్చిన మనిషికి నీళ్లెవరిస్తారు?

లోపలికి వెళ్లి చీర మార్చుకుంది. మేకు మీంచి సంచి తీసి భుజానికి తగిలించుకుంది. చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికి ఈ వేళప్పుడు?" అంది అత్తగారు.

"వస్తా అత్తయ్యా."

బస్‌స్టాప్ దాకా నడిచింది. తాను రోజూ దిగే బస్సు కోసం నిలబడింది. అది ఆరూ పదికి వచ్చింది. జనం దిగారు, ముఖాలు వాడిపోయి, సంచులు జారిపోతూ. రోజూ బస్సులో కలిసే ఒక అమ్మాయి ఆమెను చూసి, "ఏంటక్కా, ముందు తలుపులోంచి దిగావా?" అంది. ఆమె తలూపింది. వాళ్లతో పాటే వెనక్కి నడిచింది. అందరూ అలసటగా నడుస్తుంటే ఆమె కాళ్లు కూడా అలాగే నడిచాయి. దొంగ వేషం కాదు అది, ఎనిమిది గంటలు పని చేసిన ఒళ్లే.

ఆరుంబావుకి గుమ్మంలో చెప్పులు విడిచింది. సంచి మేకుకి తగిలించింది. తలుపు పక్క కుర్చీలో కూలబడింది.

హాల్లో మంచం మీద చిన్నాడు ఫోన్లోంచి తలెత్తి నవ్వాడు. "వదినా, బజారుకా? చెయ్యి ఖాళీగా వచ్చావే."

"ఆఫీసు నుంచి," అంది.

"ఇంట్లోంచి ఇంటికా!" వాడు ఇంకా గట్టిగా నవ్వబోయి, వదిన ముఖం చూసి సగంలో ఆపేశాడు.

ఆమె కుర్చీలో వెనక్కి ఆనింది. వంటింట్లో గిన్నెలు కనపడుతున్నాయి. లేవలేదు. అత్తగారు ఆమెను చూసింది, మేకుకున్న సంచిని చూసింది, గోడమీద గడియారం చూసింది. మంచం కిర్రుమంది. మోకాళ్లు పట్టుకుని లేచి, ఒక్కో అడుగూ వేసుకుంటూ వంటింట్లోకి వెళ్లింది. గ్లాసులో నీళ్లు పడుతున్న చప్పుడు వినిపించింది.

గ్లాసు అందిస్తూ అడిగింది.

"బస్సులో సీటు దొరికిందా?"

అలవాటు కొద్దీ అడిగిందో, తెలిసే అడిగిందో ఆమెకు అంతుపట్టలేదు.  ఆ మాట ఇంకొక్కసారి వినాలనిపించింది. ఆమెకు తెలియకుండానే కుడికాలు ఎడమవైపు వాలి నేలను నొక్కింది.

"నిన్నే అమ్మాయ్," అంది అత్తగారు, చెవిటిదానికి చెప్పినట్టు గట్టిగా, ఒక్కో మాటా విడదీసి. "బస్సులో సీటు దొరికిందా?"

"దొరికింది అత్తయ్యా," అంది ఆమె, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని. "ఇవాళ దొరికింది."